పదకొండో గూడు

గోడకి బిగించిన చెక్క అరలో
ఇరవై నాలుగు గూళ్ళు.
పావురాలకి కాదు, చేతి రుమాళ్ళకి.
రోజూ వచ్చేవాళ్ళ రుమాలు ఇక్కడే మడతపడి నిద్రపోతుంది.
ఆదివారం మార్సెలీన్ ఉతుకుతుంది,
సోమవారానికి తెల్లబడుతుంది,
బీట్‌రూట్ మరకలు తప్ప.

నాలాంటివాళ్ళకి కాగితం ముక్కే.
మూడేళ్ళు కాగితంతోనే మూతి తుడుచుకున్నాను.
ఆఖరి ట్రామ్‌ని షెడ్డులో వదిలి
సెంతెతియెన్ చలిలో చేతులు చంకల్లో దోపుకుని వచ్చి
రేడియేటర్ పక్కన కూలబడేదాన్ని.

ఏడు బల్లలు. ఒకటి కుంటిది,
దాని కాలి కింద పాత టికెట్ల కట్ట, నేనిచ్చిందే.
పలక మీద సుద్దతో రెండు వంటకాలు,
రెండోది ఎప్పుడూ అయిపోయి ఉంటుంది.
"పప్పుంది," అంటుంది మార్సెలీన్, అడక్కముందే.
ఆకుపచ్చ మసూరు, పైన సాసేజ్,
పక్కన ముక్కుకెక్కే ఆవముద్ద.
ఉప్పు మటుకు మనమే వేసుకోవాలి.

లోపల బాకారి గరిటె తిప్పుతూ
కాయ్‌లో ఉన్న వాళ్ళమ్మతో ఫోనులో పోట్లాడతాడు.
ఆ భాష నాకు రాదు.
ఉల్లిపాయలు వేగే చప్పుడుకి
ఆ మాటలు చక్కగా అతుకుతాయి.

ఫిబ్రవరిలో, మంచు కురిసి లైను ఆగిన రాత్రి
ఏమీ అనకుండా నా ముందు గుడ్డ రుమాలు పెట్టింది.
నీలం గళ్ళది. మూలన ఎర్రదారంతో పదకొండు.
"ఎవరిది?"
మార్సెలీన్ గ్లాసు తుడుస్తూనే
కిటికీ అవతల, బొగ్గు తవ్విపోసిన రెండు నల్లగుట్టల వైపు చూసింది.
"అనిసెది. ఇప్పుడు లేడు."

లేడు.
ఇంక నేనేం అడుగుతాను?

ఒళ్ళో పరుచుకుంటే ఎవరి మోకాళ్ళో మోస్తున్నట్టుండేది.
మధ్యలో వైన్ మరక,
ఎన్ని ఉతుకులకీ లొంగనిది, అచ్చం చెవిలా.
వినబడుతుందేమోనని
మెల్లగా నమిలేదాన్ని.

సకల పునీతుల పండుగకి ముందు రోజు
మార్కెట్లో చేమంతి కుండీ కొన్నాను.
మా దగ్గర చేమంతులు సమాధులకే.
ఏ శ్మశానమో కనుక్కుందామని
కుండీని ఉప్పుసీసా పక్కన పెట్టి
నోరు తెరిచాను.

తలుపు నాకంటే ముందు తెరుచుకుంది.
తడిసిన టోపీ, సంచీలో ఉల్లికాడలు,
పొడుగాటి ముసలాయన.
ఏడు బల్లల మీదా చెంచాలు ఆగిపోయాయి.
"ఉప్పు తగ్గించావా?" అన్నాడు గుమ్మంలోంచే.
"తలుపు వెయ్యి, అనిసె," అంది మార్సెలీన్. "చలి."

అయిదేళ్ళ కిందట ఒక రాత్రి
పప్పు ఉప్పుకషాయమని అందరి ముందూ అన్నాడట.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.
కాకపోతే ఇక్కడున్న తొమ్మిదింటిలో
రెండు ఆయన ఎక్కించినవే,
ఆ గూళ్ళ చెక్కా ఆయన కోసిందే.
ఆ రాత్రి నుంచీ రోడ్డుకి అవతల,
ట్రామ్ స్టాపు ఎదుట పిజ్జా కొట్లో భోజనం.
అప్పుడు గుర్తుపట్టాను:
రోజూ ఏడింటికి నా ముందద్దంలో కనిపించే,
ట్రామ్‌కి కాక ఈ కిటికీకేసి చూసే మనిషి.

నేరుగా గూళ్ళ దగ్గరికి నడిచాడు.
పదకొండులో చెయ్యి పెట్టాడు. ఖాళీ.
వెనక్కి తిరిగితే నా ఒడి,
నీలం గళ్ళు, కొత్త ఆవమరక.
తర్వాత చూపు చేమంతి మీద పడింది.
"ఎవరు పోయారు?"
వంటింట్లో బాకారి ఫోను కట్టేశాడు.
"మా... మేనత్త," అన్నాను.
"అయ్యో," అని టోపీ తీసి
క్షణంసేపు తలవంచాడు.

మార్సెలీన్ పప్పు తెచ్చింది,
పక్కన కాగితం రుమాలు.
ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు.
మేమంతా ఆయన దవడకేసే చూస్తున్నాం.
మారుమాట లేదు.
చేమంతి కుండీని పక్కకి జరిపి
ఉప్పుసీసా అందుకున్నాడు.